కౌలుదారు హక్కు, భూస్వామి ధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ ఉత్సవములందు కావ్యములను గూర్చియో, కవులను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. ఐనను పల్లెలోని గ్రంథాలయమునకు వచ్చువారిలో పెక్కుమంది సేద్యముమీద బ్రతుకువారు. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది మొదలు ఈ ఉద్యమము గ్రంథమును పండితుని ఇంటినుండి పామరుని వాకిటికి తెచ్చుటకే పాటుపడినది. 1935లో పాటూరి నాగభూషణము గారు పుస్తకములను పడవకెక్కించి కాలువవెంట ఊరూరికి నడిపించినది గూడ ఈ తలంపుతోనే. చట్టము గూడ ఒక గ్రంథమే. అది ఎవరి మేలుకొరకు వ్రాయబడినదో వారు దానిని చదువనిచో, పెట్టెలో దాచిన దీపమువలె అది ఉండియు లేనిదే యగును. అట్లు చదువబడక మిగిలిన గ్రంథములలో మొదట చెప్పదగినవి కౌలు చట్టములు. కావున నేటి ప్రసంగమునకు ఆ విషయమే తీసికొనబడినది.

మన పల్లెలలో కౌలు ఎట్లు కుదురునో అందరకును తెలిసినదే. ఉగాది వెళ్లిన పిదప, ఏరువాక రాకమునుపు, అరుగుమీదనో చావడిలోనో భూస్వామియు కౌలుదారుడును కూర్చుందురు. ఎకరమునకు ఇన్ని బస్తాలని ఒకరు చెప్పుదురు, ఒక బస్తా తగ్గింపుమని రెండవవారు బ్రతిమాలుదురు. పెద్దమనిషి యొకడు మధ్యస్థముగా ఒక మాట చెప్పును. కౌలు కుదిరిపోవును. కాగితములేదు, కలములేదు, సాక్షి సంతకము లేదు. ఇట్లు మాటమీద నడచిన కౌలులు తరతరములుగా గలవు. మాట తప్పని భూస్వాములును, ఇల్లు చేరకమునుపే కల్లములో కౌలు కొలిచి యిచ్చు కౌలుదారులును ప్రతి యూరను గలరు. ఈ ప్రసంగము వారి మంచితనమును శంకించుటకు గాదు.

కాని మంచితనము చాలని దినమొకటి వచ్చును. కార్తికమాసమున వరి పొట్టవిచ్చి వెన్ను వంగిన వేళ తుపాను వచ్చినదనుకొనుడు. చేను నీటిపాలైనది. నాలుగు దినములకు నష్టము లెక్కించుటకు ఉద్యోగులు వచ్చిరి. వారి చేతిలోని పుస్తకమున ఆ సర్వే నెంబరునకు ఎదురుగా పట్టాదారు పేరున్నది. ఆ పట్టాదారు పట్టణమున నివసించుచున్నాడు. గట్టుమీద మోకాలిలోతు బురదలో నిలిచి చేనుచూపుచున్నవాడు కౌలుదారుడు. కొన్ని నెలలకు పరిహారము మంజూరై పట్టాదారుని బ్యాంకు లెక్కలో పడును. పంట పోయినది ఒకరికి, పైకము చేరినది మరియొకరికి.

ఇది ఒక్క పరిహారముతో ముగియునది గాదు. పంట వేయుటకు ముందు అతడు బ్యాంకునకు వెళ్లెను. పాసుపుస్తకము చూపుమనిరి. లేదు గనుక ఎరువుల వర్తకునియొద్ద హెచ్చు వడ్డీకి పెట్టుబడి తెచ్చెను. పంట బీమా చేయుదమన్నను పేరు లేదు. పంట చేతికి వచ్చిన యేడు ప్రభుత్వ కొనుగోలు కేంద్రమునకు ధాన్యము తోలుకొనిపోయినను మరల అదే ప్రశ్న. కడకు అప్పిచ్చిన వర్తకునికే, అతడు చెప్పిన ధరకే అమ్ముకొనవలసివచ్చెను. ఒక్క పేరు లేకపోవుటవలన ఋణము, బీమా, పరిహారము, గిట్టుబాటు ధర అను నాలుగు తలుపులును మూయబడినవి. అప్పుల భారము మోయలేక అట్టివాడు ప్రాణము తీసికొనినచో, అతడు రైతే యని నిరూపించుకొనవలసిన కష్టము భార్యాబిడ్డలమీద పడుచున్నది. నలుబది యేండ్లు నాగలి పట్టినవాడు రైతని చెప్పుటకు ఒక కాగితము లేకపోవుట ఎంత విచారకరము!

ఇట్టి దుస్థితికి కారణము చట్టములు లేకపోవుటా? కాదు. చట్టములు మిక్కుటముగా వచ్చినవి. వాని చరిత్రను కొంచెము పరిశీలింతము.

1802లో చెన్నరాజధానియందు శాశ్వత పైసలా ఏర్పడి, జమీందారులు భూమికి యజమానులైరి. దున్నువాని స్థితి వారి దయాధర్మముపై నిలిచెను. 1908లో వచ్చిన మద్రాసు ఎస్టేటు భూముల చట్టము జమీందారీ రైతునకు సాగుబడి హక్కును ఒప్పుకొనెను. జమీందారు పట్టా యిచ్చుట, రైతు ముచ్చిలికా వ్రాసియిచ్చుట అను పద్ధతికి చట్టబలము చేకూరెను. 1937లో ఏర్పడిన కాంగ్రెసు మంత్రివర్గ కాలమున టంగుటూరి ప్రకాశము పంతులుగారి అధ్యక్షతన ఒక సంఘము ఊరూరు విచారించి, మరుసటి యేట నివేదిక సమర్పించెను. 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చెను. అంతటితో జమీందారునకును రైతునకును గల చిక్కు విడినది. కాని రైతుయొద్ద భూమి తీసికొని దున్నువాని సంగతి అట్లే మిగిలిపోయినది. రైత్వారీ గ్రామములలో వాని కష్టము మునుపటివలెనే యుండెను.

వానికొరకు 1956లో ఆంధ్ర కౌలుదారీ చట్టము వచ్చెను. కౌలు వ్రాతపూర్వకముగా నుండవలెననియు, ఆరేండ్లకు తక్కువ గడువుతో కౌలు ఈయరాదనియు, చట్టము చెప్పిన కారణములు లేనిదే కౌలుదారుని తొలగింపరాదనియు అది శాసించెను. భూస్వామి ఆ భూమిని అమ్మదలచినచో మొదట కౌలుదారునికే కొనుటకు అవకాశ మీయవలెనని గూడ అందున్నది. 1974లో దీనిని సవరించి మరింత బిగించిరి. ఆ సవరణ 1980 జూలై 1 నుండి అమలునకు వచ్చెను. నీటిపారుదల గల భూమికి మొత్తము పంటలో నూటికి 30 పాళ్లకును, ఇతర భూములకు 25 పాళ్లకును మించి కౌలు తీసికొనరాదని నిర్ణయించిరి. అనగా ఎకరమునకు ముప్పది బస్తాలు పండు మాగాణికి చట్టము చెప్పిన కౌలు తొమ్మిది బస్తాలు. మన డెల్టా గ్రామములలో నడచిన కౌలు ఎంతయో ఈ సభలోని వారెవ్వరికిని వేరుగ చెప్పనక్కరలేదు.

తెలంగాణమున దారి కొంత వేరు. అచ్చటి రైతుల పోరాటము ఇంకను చల్లారకమునుపే, 1950 జూన్ 10వ తేదీన హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము అమలునకు వచ్చెను. నిర్ణీత కాలములో ఆరేండ్లు వరుసగా భూమిని సాగుచేసినవారిని రక్షిత కౌలుదారులుగా గుర్తించి, వారి పేర్లను దస్తరములో నెక్కించిరి. తరువాత చేర్చబడిన 38-ఇ నిబంధనవలన, రక్షిత కౌలుదారునికి చట్టమున చెప్పిన మేరకు ఆ భూమిపై యాజమాన్యము గూడ సంక్రమించు మార్గ మేర్పడెను. తెలంగాణమున చాల భాగమునకు ఈ నిబంధన 1973 జనవరి 1 నుండి వర్తించెను.

ఈ రెండు చట్టముల ఫలితములను పోల్చి చూచినచో ఒక సంగతి స్పష్టపడును. తెలంగాణమున దస్తరమెక్కిన పేరు అర్ధ శతాబ్దము గడచిన పిదప గూడ న్యాయస్థానములలో సాక్ష్యమై నిలిచినది. పేరెక్కకముందే భూమినుండి తొలగింపబడినవారికిని, భయపడి తామే వదలుకొన్నవారికిని ఆ చట్టము ఏమియు చేయలేకపోయినది. ఆంధ్ర ప్రాంతమున పేర్లు దస్తరమున నెక్కించు పని అట్లు జరుగనే లేదు. భూమి చేజారునను భయముతో యజమానులు వ్రాత మానిరి. ఒకే కౌలుదారుని ఎక్కువ కాలము ఉంచక ఏడాదికో రెండేండ్లకో మార్చిరి. హెచ్చు కౌలు అడిగినను కౌలుదారుడు ఫిర్యాదు చేయడు. చేసినచో మరుసటి యేడు భూమి దొరకదని వానికి తెలియును. ఇట్లు చట్టము బలపడినకొలది కౌలు మరింత చాటునకు పోయినది. పేరు వ్రాయబడినచోట హక్కు నిలిచినది. వ్రాయబడనిచోట చట్టము కాగితముగనే మిగిలినది. ఈ విషయమునందు గ్రహింపవలసిన సారమంతయు ఇందే యున్నది.

దీనికి ప్రత్యక్ష నిదర్శనము బంగాళమున గలదు. అచ్చట పాలునకు సేద్యము చేయువానిని బర్గాదారుడందురు. వాని హక్కులు చాలకాలముగా చట్టములో నున్నను అనుభవమునకు రాలేదు. 1978లో పశ్చిమ బంగాళ ప్రభుత్వము 'ఆపరేషన్ బర్గా' అను కార్యక్రమమును ప్రారంభించెను. ఉద్యోగులు కచ్చేరీలో కూర్చుండక పల్లెలకు వెళ్లిరి. పగలు పొలములో పనిచేసి వచ్చినవారు మాటాడుటకు వీలగునట్లు సాయంకాలములందు సమావేశములు జరిపిరి. అందరి యెదుటను, ఈ చేను దున్నునది ఎవరని అడిగి పేర్లు వ్రాసికొనిరి. తాను బర్గాదారుడనని దున్నువాడు నిరూపించుకొననక్కరలేదు, కాడని చెప్పు భూస్వామియే నిరూపింపవలెనని చట్టమును అంతకు ముందే మార్చియుండిరి. పెట్టుబడి బర్గాదారుడే పెట్టుకొన్నచో పంటలో మూడు పాళ్లు వానికి, ఒక పాలు భూస్వామికి. ఇట్లు 14 లక్షలకు పైగా బర్గాదారుల పేర్లు నమోదైనవి. ఒంటరిగా కచ్చేరీ మెట్లెక్కుటకు జంకినవాడు, పదిమంది నడుమ నిలిచి తన పేరు చెప్పుకొనగలిగెను. ఇదియే ఆ కార్యమందలి రహస్యము.

ఇక మన ప్రాంతమున ఇటీవలి చట్టములను చూతము. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నియమించిన జయతీ ఘోష్ కమిషను, కౌలుదారులను గుర్తించి వారికి ఋణాది సదుపాయములు కల్పింపవలెనని చెప్పెను. కోనేరు రంగారావుగారి అధ్యక్షతన ఏర్పడిన భూమి కమిటీయు కౌలుదారుల కష్టములను విచారించెను. పిదప 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టము వచ్చెను. ఈ చట్టము పాత చట్టములవలె భూమిమీది హక్కు జోలికి పోలేదు. పంట మీది హక్కును మాత్రమే పట్టుకొనెను. సాగుదారుడు దరఖాస్తు పెట్టుకొన్నచో, విచారించి ఒక సంవత్సరమునకు ఋణ అర్హత పత్ర మీయవలెను. ఆ పత్రము చూపి పంట ఋణము, బీమా, నష్టపరిహారము పొందవచ్చును. దానిని చూపి భూమి తనదని మాత్రము వాదింపరాదు. ఇదియొక క్రొత్త ఆలోచన. భూమి భూస్వామిది, పంట పండించినవానిది అను విభజన అందున్నది.

రాష్ట్రము రెండైన పిమ్మట దారులును రెండైనవి. తెలంగాణమున 2018లో రైతుబంధు పథకము ప్రారంభమై, ఎకరమునకు పంటకాలమునకు 4,000 రూపాయల చొప్పున పెట్టుబడి సాయము పట్టాదారులకు అందెను. కౌలుదారులు దానిలో చేరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టము వచ్చి 2011 నాటి చట్టము స్థానమును ఆక్రమించెను. దీని ప్రకారము భూస్వామియు సాగుదారుడును నిర్ణీత నమూనాలో ఒప్పందము వ్రాసికొని, గ్రామాధికారి యెదుట సంతకములు చేసినచో, సాగుదారునికి పంట సాగుదారు హక్కు పత్రము లభించును. దాని గడువు పదునొకండు మాసములు. గడువు తీరగనే పత్రమునకు విలువ పోవును. భూమిపై యజమానికిగల హక్కునకు దీనివలన లోపము రాదని చట్టమే స్పష్టముగా చెప్పినది.

2011 చట్టమునకును దీనికిని గల ముఖ్యభేద మొకటి గమనింపవలెను. పూర్వపు చట్టములో భూస్వామి సమ్మతి లేకయే సాగుదారునికి పత్ర మీయవచ్చును. 2019 చట్టములో భూస్వామి సంతకము తప్పనిసరి. సంతకముండుటవలన తగవులు తగ్గును, యజమానికి నమ్మకము కలుగును. కాని యజమాని సంతకము చేయనన్నచో సాగుదారుడు చేయగలిగినది లేదు. అనగా తలుపు తాళపుచెవి భూస్వామి చేతిలో నుంచబడినది. కావుననే హక్కును గూర్చి మాటాడునపుడు ధర్మమును గూర్చియు మాటాడవలసి వచ్చుచున్నది.

భూస్వామి యన్నంతనే కోటలో కూర్చున్న దొరయని తలంపరాదు. నేటి భూస్వాములలో రెండెకరములు తప్ప వేరు ఆధారములేని వితంతువులున్నారు. సరిహద్దున కాపలాకాయు సైనికులున్నారు. దూరదేశమున ఉద్యోగములు చేయువారును, నాగలి పట్టు శక్తి ఉడిగిన వృద్ధ దంపతులును ఉన్నారు. వారి భయము వట్టి స్వార్థము గాదు. తండ్రుల కాలమున రక్షిత కౌలు వ్యాజ్యములను, ఏండ్ల తరబడి సాగిన కోర్టు తగవులను చూచినవారు వారు. సంతకము పెట్టినచో భూమి పోవునేమోయని వెనుదీయుట సహజము. ఆ భయమునకు సమాధానము కోపము గాదు, చదువు. చట్టమున ఏమి వ్రాసియున్నదో వారికి చదివి వినిపింపవలెను. పదునొకండు మాసముల పంట పత్రము వేరు, ఆరేండ్ల కౌలు వేరని బోధపడినచో ఆ భయమున సగము తీరును.

మిగిలిన సగమునకు కారణము వేరు. అది లాభమునకు సంబంధించినది. ఒకే సర్వే నెంబరుమీద ఇద్దరికి పంట ఋణము లీయుటకు బ్యాంకులు ఒప్పుకొనవు. పొలమునకు దూరముగా నున్న యజమాని తన పేర తక్కువ వడ్డీకి పంట ఋణము తీసికొనియుండును. కౌలుదారుడు పత్రము పట్టుకొని పోవునప్పటికి ఆ నెంబరుపై అప్పున్నదని చెప్పి పంపివేయుదురు. పంట పండింపనివానికి పంట ఋణ మెందులకు? ఈ ప్రశ్నను చట్టము గట్టిగా అడుగలేకపోయినది. ఊరి న్యాయము అడుగవచ్చును.

ఇంతకును భూస్వామి ధర్మములు ఏవి? కౌలు కుదిరిన దినముననే ఒప్పందమును వ్రాసి సంతకము చేయుట మొదటిది. పుచ్చుకొన్న ప్రతి బస్తాకును, ప్రతి రూపాయికిని రసీదు ఇచ్చుట రెండవది. తుపానునకో కరవునకో పంట పోయిన యేడు కౌలు తగ్గించుట మూడవది. తన పేరున వచ్చిన పరిహారమును నష్టపోయినవానికి చేర్చుట నాలుగవది. పైరు భూమిమీద నుండగా కౌలుదారుని కదపకుండుట ఐదవది. వీనిలో కొన్ని చట్టమున గలవు, కొన్ని లేవు. చట్టమున లేనంతమాత్రమున ధర్మము ధర్మము గాకపోదు.

కౌలుదారునికిని ధర్మములున్నవి. ఒప్పుకొన్న కౌలును కాలమునకు చెల్లింపవలెను. ఒక్క యేటి పంటకొరకు నేలను పీల్చి పిప్పిచేయక గట్లను, బోదెలను కాపాడవలెను. తాను తీసికొన్న భూమిని యజమానికి తెలియకుండ మరియొకరికి ఈయరాదు. గడువు తీరిన పిమ్మట తగవులేక అప్పగింపవలెను. ఒక్క కౌలుదారుడు మాట తప్పినచో ఊరిలోని పదిమంది కౌలుదారులకు సంతకము దొరకదని మరువరాదు.

ఇందు గ్రంథాలయము చేయదగినది ఏమి? చాల గలదు. ప్రతి సంవత్సరము ఉగాదినాడు పంచాంగ శ్రవణము జరుగుచున్నది. ఆదాయ వ్యయములు వినుటకు ఊరంతయు వచ్చును. ఆ మరునాడే ఈ గ్రంథాలయములో కౌలు చట్ట శ్రవణము జరిగినచో, ఆదాయ వ్యయములు నిజముగనే కొంత మారవచ్చును. ఒప్పంద నమూనా ప్రతులను పఠన మందిరపు బల్లమీద నుంచవలెను. చదువు వచ్చిన యువకుడొకడు వారమునకు ఒక సాయంకాలము కూర్చుండి, రానివారికి చదివి చెప్పి పూర్తిచేసి యీయవలెను. అది పొలమునుండి జనులు తిరిగివచ్చు వేళయై యుండవలెను. భూస్వామియు కౌలుదారుడును ఎవరి గుమ్మమునకును పోనక్కరలేక, ఇద్దరికిని సమానమైన ఈ చోట కూర్చుండి సంతకములు చేయవచ్చును. వేలిముద్ర వేయువారికి తమ పేరు వ్రాయుట నేర్పవలెను. తన పేరు తాను వ్రాయలేనివానికి దస్తరములో తన పేరున్నదో లేదో చూచుకొనుట ఎట్లు సాధ్యము?

స్త్రీల సంగతి వేరుగ చెప్పవలసియున్నది. పురుషుడు పనికై పరదేశము పోగా ఇంటి కౌలు సేద్యమంతయు నడుపు స్త్రీలు ఊరూర నున్నారు. ఒప్పంద మెప్పుడైన వ్రాయబడినను అందు పురుషుని పేరే యుండుచున్నది. నాటు వేసినదియు, కలుపు తీసినదియు, కుప్ప నూర్చినదియు ఆమెయైనపుడు ఒప్పందమున ఆమె పేరే యుండుట న్యాయము. ఈ మాట గ్రంథాలయపు మహిళా పాఠకురాండ్రు ఇండ్లలో ఎత్తవలసియున్నది.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమునందు చందాదారుల పట్టిక యొకటి నడచుచున్నది. అందు పేరున్నవానికి పుస్తక మడిగి తీసికొను హక్కున్నది. దానిని చింపకుండ తిరిగి తెచ్చి యిచ్చు బాధ్యతయు ఉన్నది. ఎవ్వరును ఆ పుస్తకము తమ సొంతమని వాదింపలేదు. ఇచ్చినందువలన గ్రంథాలయమునకు పుస్తకములు తరిగిపోలేదు. పేరు వ్రాసికొని ఇచ్చుటవలననే ఈ నమ్మకము నిలిచినది. కౌలు గూడ ఇట్టిదే. ఈ చిన్న పట్టికలో నడచుచున్న న్యాయము రాబోవు ఏరువాకనాటికి ఊరి పొలములలో గూడ నడచునట్లు పెద్దలు పూనుకొందురు గాక!